సవరణ: కూలెంట్ తగ్గితే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టేనా?

కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గుతూ సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకు, దాని పైనుండే సిలిండర్ హెడ్‌కు మధ్య సీలుగా ఉండే పలక) పోయినట్టేనని ఇంతకుముందు రాసిన మాటను ఇలా సవరించి చదువుకోవాలి: ఆ రెండూ అనుమానానికి ఆధారాలే తప్ప, హెడ్ విప్పడానికి చాలినంత రుజువులు కావు. చలికాలపు ఉదయం కనిపించే పొగ సైలెన్సర్‌లో చేరిన తేమ వల్లనే కావచ్చు. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా తగ్గకుండా, తియ్యటి వాసనతో వస్తేనే కూలెంట్‌ను అనుమానించాలి. డీజిల్ బండ్లలో ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను కూలెంట్‌తో చల్లబరిచే భాగం) లీకైనా ఇదే పొగ వస్తుంది. దగ్గరి దూరాలకే తిరిగే బండ్లలో ఆయిల్ మూత కింద మీగడలాంటి తెట్టు తేమ వల్ల కూడా పేరుకుంటుంది కాబట్టి, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీది ఆయిల్ కూడా అలా మారిందో లేదో చూడడం ముఖ్యం.

లీకు ఎక్కడుందో తెలుసుకోవడానికి ముందుగా, ఇంజిన్ పూర్తిగా చల్లారాక, రేడియేటర్ మూతపై ముద్రించిన ప్రెషర్ మించకుండా చేతి పంపుతో రేడియేటర్‌లోకి గాలి కొట్టి, పంపు మీటరు ముల్లు దిగుతుందేమో గమనించాలి. వేడి ఇంజిన్ మీద మూత తీయడం ప్రమాదకరం. ముల్లు దిగితే హోసులు, వాటర్ పంపు, హీటర్ కోర్ (బండి లోపలికి వేడి గాలినిచ్చే చిన్న రేడియేటర్) చూడాలి. అక్కడెక్కడా తడి లేకపోతే స్పార్క్ ప్లగ్గులు తీసి సిలిండర్లలో కూలెంట్ చేరిందేమో పరిశీలించాలి.

రేడియేటర్ నోటి దగ్గరి గాలిని నీలి రంగు ద్రావకం గుండా లాగి చేసే పరీక్ష గురించి మరింత స్పష్టత అవసరం. పెట్రోల్ ఇంజిన్‌లో మండిన వాయువు కూలెంట్‌లోకి వస్తుంటే ద్రావకం పసుపు రంగుకు మారుతుంది. అయితే గ్యాస్కెట్ బయటి అంచు నుంచి గాని, ఆయిల్ దారిలోకి గాని లీకైతే ఆ రంగు మారదు. కాబట్టి నీలి రంగు నిలిచినంత మాత్రాన గ్యాస్కెట్ బాగున్నట్టు నిర్ధారించకూడదు.