మరణ వాంగ్మూలానికి పది సెకన్లు

ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ కుప్పకూలితే (దాన్నే పానిక్ అంటారు) ఆ కబురు తెరని నడిపే గ్రాఫిక్స్ డ్రైవరే తెర మీద రాసే ఏర్పాటు లినక్స్‌కి 6.10 వెర్షన్లో, అంటే 2024లో వచ్చింది. పేరు డీఆర్‌ఎం పానిక్. 6.12లో దానికి క్యూఆర్ కోడ్ తోడైంది, చచ్చేముందు జరిగిన సంగతుల చిట్టా, అంటే లాగ్, ఫోన్లోకి ఎక్కించుకోవడానికి. ఆ వైభోగం నలుగురికీ చూపించాలని మనవాడి సరదా. కెర్నల్ బిల్డ్ చేశాడు, బూట్ లైన్లో (యంత్రం లేచేటప్పుడు కెర్నల్‌కి ఇచ్చే ఆదేశాల వరుసలో) పానిక్ స్క్రీన్‌గా క్యూఆర్ కోడ్ పెట్టాడు, గదిలో సిగ్నల్ అందదని అదే యంత్రం నుంచి అందరి ఫోన్లకీ హాట్‌స్పాట్ పంచాడు. ఇక చంపడమే తరువాయి.

చంపడం తేలికే. ప్రాక్ అనే ఫోల్డరు కింద సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్ అనే ఫైలు ఉంటుంది, అందులోకి 'సి' అనే ఒక్క అక్షరం తోస్తే చాలు. మనవాడు ముందు అడ్మిన్ అధికారమిచ్చే సుడో తగిలించి, ఎకో అనే రాత ఆజ్ఞతో ఆ అక్షరాన్ని ఫైల్లోకి మళ్లించాడు. పర్మిషన్ డినైడ్! సుడో అధికారం ఎకోకే గానీ మళ్లింపు గుర్తుకి రాదు. ఫైలు తెరిచేది మన ఆజ్ఞలు అందుకునే షెల్, షెల్ మామూలు యూజరు. ఫైల్లోకి తనే రాసే టీ అనే ఆజ్ఞకి సుడో తగిలించి, పైపు పెట్టి దానికి అందిస్తే అప్పుడు ప్రాణం పోయింది.

పోయిన ప్రాణి మాట్లాడటం ఎంత కష్టమో ఇక్కడ చెప్పుకోవాలి. పానిక్‌లో మెమరీ అడగకూడదు, నిద్రపోకూడదు, ఎవరో పట్టుకుని కూర్చున్న లాక్ కోసం ఎదురు చూడకూడదు. అందుకే క్యూఆర్ కోసం డేటాని కుదించే చోటు బూట్ అప్పుడే కేటాయించి ఉంచుతారు, పుట్టినరోజే పాడె కట్టి పెట్టుకున్నట్టు. ఇంత చేసినా, తెరకి వెళ్తున్న బొమ్మ ఉండే మెమరీ, అంటే బఫర్, ఎక్కడుందో చెప్పే ఫంక్షన్ ఆ డ్రైవర్లో లేకపోతే గీయడానికి గోడే ఉండదు. ఆఖరి బొమ్మ అలాగే నిలిచిపోతుంది, మూల గడియారంతో సహా. పక్కవాళ్లు "బాగానే ఉందిగా" అంటారు. బఫర్ దొరికినా అది వరుసల్లో కాక చిన్న చిన్న టైళ్లుగా అమర్చి ఉంటే, వరుసగా రాసిన అక్షరాలు ముక్కుపొడిలా చెల్లాచెదురవుతాయి.

మనవాడి అదృష్టం, డ్రైవర్ మంచిది. తెర నల్లబడింది. చుక్కలూ గీతలతో గీసిన పెంగ్విన్ ఒకటి వెలిసింది. దయచేసి కంప్యూటర్ రీబూట్ చేసుకోండి అని ఇంగ్లీషులో విన్నపం. తెలియకనా మేం కూర్చున్నది! పక్కనే క్యూఆర్ కోడ్.

కోడ్ అంటే బిల్లు కట్టడానికి చూపించే బుజ్జి గళ్లు కాదు. లాగ్ పొడుగైతే క్యూఆర్‌లలోకెల్లా పెద్దదైన 40వ వెర్షన్ దాకా పోతుంది, 177 నిలువు, 177 అడ్డం, మొత్తం 31,329 గళ్లు. 1080 పిక్సెళ్ల ఎత్తున్న తెర మీద చుట్టూ ఖాళీ అంచు వదిలి ఎంత సాగదీసినా గడికి అయిదు పిక్సెళ్లు మించవు. మనవాడు జేబులోంచి ఫోను తీశాడు. వేలిముద్ర పడలేదు. పిన్ కొట్టాడు. కెమెరా తెరిస్తే సెల్ఫీ వైపుంది. తిప్పాడు. దగ్గరికెళితే మసక, దూరం జరిగితే తెర పిక్సెళ్లూ కెమెరా పిక్సెళ్లూ కలిసి పట్టుచీర మీద నీడల్లా అలలు. తెర మెరుపులో వెనక నిలబడినవాడి బట్టతల సరిగ్గా కోడ్ నడుమ ఉదయించింది. "కాస్త పక్కకి" అన్నాడు. ఆయన జరిగాడు. ఫోను దృష్టి కుదిరింది, పసుపు చదరం కూడా మెరిసింది, అంతే, తెర చీకటై యంత్రం లోగో ప్రత్యక్షమైంది. రీబూట్.

ఎవరో మహానుభావుడు ఎప్పుడో బూట్ లైన్లో పానిక్ ఈక్వల్స్ 10 అని రాసి పెట్టాడు. పది సెకన్లలో యంత్రం తనే లేచి కూర్చుంటుంది. మనుషులెవరూ లేని సర్వర్ గదిలో అది ధర్మమే. వాంగ్మూలం రాసుకోవాల్సిన చోట, చచ్చినవాడు పది లెక్కపెట్టి లేచి దులుపుకుని పోతే రాసుకునేవాడి గతేమిటి? ఆ అంకె మైనస్ అయితే తక్షణమే రీబూట్, సున్నా అయితే కదలకుండా పడి ఉంటుంది. ఈ ముక్క ఆ మహానుభావుడు పక్కన ఒక్క వ్యాఖ్యగా రాస్తే వేలు అరిగేదా?

అసలు ఇంత హత్యాకాండే అక్కర్లేదు. పానిక్ డీబగ్ ఆప్షన్‌తో బిల్డ్ చేస్తే డీబగ్ ఎఫ్‌ఎస్ అనే పరీక్షల ఫోల్డర్లో ప్లేన్‌కొక (తెర మీది బొమ్మ పొరకొక) ఫైలు వస్తుంది. అందులో 1 రాస్తే బతికుండగానే ఆ తెర గీసి చూపిస్తుంది. ఈ సంగతి మనవాడికి చెప్పినవాడు మూడో రీబూట్ తర్వాత చెప్పాడు.

సున్నా పెట్టారు. మళ్లీ చంపారు. ఈసారి కోడ్ కొండలా నిలబడింది, ఫోను మొదటి చూపులోనే పట్టేసింది. లాగ్‌లో పట్టినంత భాగం కుదించి లింకులో కూరి ఉంది. దాన్ని విప్పి చదివిపెట్టే పేజీ తెరుచుకోవాలి. మనవాడు నొక్కాడు. నలుగురూ ఫోను మీదికి వంగారు.

ఇంటర్నెట్ లేదు అంది ఫోను.

బట్టతల ఆయన యంత్రం వైపు చూశాడు. "హాట్‌స్పాట్ ఎవరిస్తున్నారండీ?"