మూడో మేకు మీది గార్డు గారికి

బాలానగర్, హైదరాబాద్

శ్రీయుత పీటీవో షాఫ్ట్ గార్డు గారికి,
కేరాఫ్ షెడ్డు వెనక గోడ, మూడో మేకు.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాం. మీ కుశలం కళ్లముందే ఉంది కాబట్టి అందులో సగం నిజమే. ట్రాక్టర్లు, రోటావేటర్లు, నూర్పిడి మిషన్లు బాగుచేసే ఈ షెడ్డులో ఒంటి మీద గీత పడనిది మీ ఒక్కరికే. ట్రాక్టరు ఇంజను జోరును వెనక తగిలించిన యంత్రానికి అందించే తిరుగుడు కడ్డీ పీటీవో షాఫ్టు, అది మనిషికి తగలకుండా కప్పే ప్లాస్టిక్ తొడుగు మీరు. షాఫ్టుకు చుట్టుకుపోతున్న మనిషి బొమ్మ స్టిక్కరు కూడా చెక్కుచెదరలేదు. గోడవైపు తిరిగి ఉంది కదా, దుమ్మయినా పడలేదు.

మిమ్మల్ని విప్పింది పగతో కాదు. షాఫ్టు కీలులోని క్రాస్ బేరింగుకు గ్రీజు కొట్టాలి, గ్రీజు ఎక్కించే నిపిల్ చూస్తే మీ చాటున ఉంది. ఎనిమిది గంటల నడకకోసారి పడాల్సిన గ్రీజు అది. స్క్రూడ్రైవరుతో క్లిప్పు లేపాం, విరిగింది. బైండింగ్ వైరుతో కట్టాం, తెగింది. రేపు పెడదాంలే అని మేకుకు తగిలించాం. ఆ రేపటికి రెండు యాసంగులు దాటాయి. రాణిగంజ్‌కు బోల్టుల కోసం పోతూనే ఉంటాం గానీ, మీ క్లిప్పు మాత్రం ప్రతిసారీ చీటీలోంచి జారిపోతుంది.

ప్లాస్టిక్ కదా, విరగదా అని మావాళ్లు మిమ్మల్నే తిడతారు. మీరు ఊరికే విరగరని మాకు తెలుసు. లోపల షాఫ్టు తిరుగుతున్నా మీరు కదలకూడదు. అందుకే రెండు కొసలా ప్లాస్టిక్ రింగులు, మిమ్మల్ని పట్టి ఉంచే సన్నటి గొలుసులు. రింగు గాడిలో గ్రీజు ఎండితే షాఫ్టు మిమ్మల్నీ పట్టుకు తిప్పుతుంది. గొలుసు కూడా లేకపోతే ఆపేదేదీ లేదు, చీలిపోతారు. ఇంజను ఆపి చేత్తో తిప్పితే మీరు సులువుగా తిరగాలి. బిగుసుకున్నారంటే ఉన్నా లేనట్టే. అర నిమిషం పని. షాఫ్టు పొడవైందని కోసినప్పుడు కూడా నాలుగు గొట్టాలూ సమానంగా కోయాలి, లోపలివి రెండు, మీవి రెండు. మేం లోపలివే కోస్తాం. తర్వాత మీరు పట్టరు. పట్టకపోతే మేకు ఉండనే ఉంది.

మీరు దిగిపోయాక షాఫ్టు దిగంబరంగా తిరుగుతోంది. నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది. జాయింటు దగ్గర చుట్టుకొలత పాతిక సెంటీమీటర్లు వేసుకున్నా సెకనుకు రెండుంపావు మీటర్ల గుడ్డ మింగుతుంది. లుంగీ రెండు మీటర్లు. అమ్మో అనడానికి కూడా వ్యవధి లేదు. పట్టుకుంటే వెనక్కి లాక్కుంటాంలే అని మావాళ్ల ధీమా. గుడ్డ చుట్టుకున్నకొద్దీ చుట్ట లావై ఇంకా జోరుగా లాగుతుంది, అవతల లాగేది యాభై హార్స్‌పవర్ ఇంజను. దానికి తోడు షియర్ బోల్టు. రాయి తగిలితే తను తెగి గేరుబాక్సును కాపాడాల్సిన మెత్తటి బోల్టు అది. మాటిమాటికీ తెగుతోందని దాని స్థానంలో గట్టి బోల్టు, అదీ రెండంగుళాలు పొడుగు వేశాం. బయటికి పొడుచుకొచ్చిన ఆ కొస గుడ్డ తగులుకోవడానికి కొక్కెంలా భలే పనికొస్తుంది.

గేరుబాక్సు బిగించాక మోత వినే ఘట్టం మీకు మేకు మీంచి బాగానే కనిపిస్తుంది. మేస్త్రీ పెద్ద స్క్రూడ్రైవరు మొన బేరింగు హౌసింగు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుంటాడు. మెడలో తువాలు కొస షాఫ్టుకు జానెడు దూరంలో ఊగుతుంటుంది. బేరింగు రోగం మాత్రం కచ్చితంగా చెబుతాడు, కాదనలేం.

మీ సాటివాళ్లూ క్షేమమే. జాకీ స్టాండ్లు టీ బల్లకు కాళ్లయ్యాయి, ఎత్తిన రోటావేటరు సిమెంటు దిమ్మె మీద నిలబడుతోంది, పగిలేముందు చెప్పని రకం. హైడ్రాలిక్ లీకు వెతకాల్సిన అట్టముక్కతో మధ్యాహ్నం విసురుకుంటున్నాం, లీకు చేత్తోనే వెతుకుతాం. సూదిమొనంత చిల్లులోంచి ఒత్తిడితో చిమ్మే ఆయిలు చర్మంలోకి దూరితే పైకి చీమ కుట్టినంతే. నొప్పి లేదు కదా అని ఇంటికి పోతారు. గంటల్లో ఆపరేషను పడకపోతే ఆ చెయ్యే దక్కకపోవచ్చు.

చట్టాలంటారా, తిరిగే భాగాలకు కంచె వేయమని 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్లోనే రాశారు. నూర్పిడి యంత్రాలు చేతులు మింగుతున్నాయని 1983లో ప్రమాదకర యంత్రాల చట్టం విడిగా తెచ్చారు. ఏటా మార్చి 4న భద్రతా దినోత్సవం వస్తుంది, బ్యానరు కడతాం. కట్టడానికి మీ పక్క మేకే వాడతాం, మీకు ఇబ్బంది లేకుండా.

దసరాకు ఆయుధపూజలో మిమ్మల్ని మరవం. పోయిన ఏడాది బంతిపూల దండ, కుంకుమబొట్టు మీకే ముందు. షాఫ్టుకు కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు తొలి ట్రయల్లోనే చెట్నీ అయిపోయాయి. మీ దండ కార్తీకం దాకా నిలిచింది.

ఇట్లు,
మీ క్షేమం కోరే
షెడ్డు వారు

తా.క.: మీ గొలుసుల కోసం వెతక్కండి. ఒకదానితో డీజిల్ డబ్బా కట్టేశాం, విలువైన వస్తువు కదా. రెండోది స్విచ్చుబోర్డు దగ్గర వేలాడుతోంది, ట్రాక్టరు తాళంచెవి దానికే. రిపేరు చేసేవాడి జేబులో ఉండాల్సిన తాళంచెవి అది. ఇప్పుడైతే టీ తెచ్చే కుర్రాడికి కూడా అందుతోంది.