పటమటకి హమ్మింగ్‌బర్డ్ వచ్చిందోచ్!

మొన్న ఆదివారం మా విజయవాడ పటమట అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక ఫొటో పడింది. మందారం కొమ్మ మీద వంకర ముక్కు నల్ల పిట్ట. కింద "మన అపార్ట్‌మెంట్‌కి హమ్మింగ్‌బర్డ్!" అని. సాయంత్రానికల్లా నలభై దండాలు, అరవై గులాబీలు.

"అది తేనెపిట్టండీ" అని పెట్టాను. "ఎందుకంత నెగెటివ్‌గా ఉంటావు తమ్ముడూ" అందొకావిడ.

సరే, నిజమే అనుకుందాం. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా ఉండవు. వాటిలో మెల్లిసుగా అని ఒక ప్రజాతి, 1760లో బ్రిస్సన్ అనే ఫ్రెంచాయన పెట్టిన పేరు. దాంట్లో జాతులు రెండే. ఒకటి జమైకా, హిస్పానియోలా దీవులది. రెండోది క్యూబాది, లోకంలోకెల్లా చిన్న పిట్ట, అటూ ఇటుగా రెండు గ్రాములు. ఆ రెండు గ్రాముల ప్రాణి అట్లాంటిక్ దాటి గన్నవరంలో దిగి, వీసా చూపించి, బయటికొచ్చి ఆటో అడిగితే, "పటమటకి అయిదొందలు, తిరిగి ఖాళీగా రావాలి కదండీ" అంటాడు. బేరం కుదిరి ఎక్కినా, రామవరప్పాడు రింగులో గంటసేపు ఇరుక్కుంటే, పూటపూటకీ కాదు, నిమిషనిమిషానికీ తేనె కావాల్సిన ఒళ్లు దానిది, ఏం తాగుతుంది, పక్క లారీ డీజిలా?

మెల్లిసుగా అంటే ఏమిటో తెలుసా? లాటిన్‌లో తేనె పీల్చేది అని. అదే మాట తెలుగులో అంటే మాత్రం మనకి నామోషీ. పోనీ హమ్మింగ్‌బర్డూ మన తేనెపిట్టా చుట్టాలా అంటే అదీ కాదు. రోలూ కల్వమూ ఒకేలా ఉన్నంత మాత్రాన అన్నదమ్ములవుతాయా? ఇద్దరిదీ పువ్వులో మూతి పెట్టే ఉద్యోగం, అంతే. హమ్మింగ్‌బర్డ్ గాల్లో నిలబడి తాగుతుంది, మనది ఎక్కువగా కొమ్మ మీద కూర్చుని తాగుతుంది. అమెరికా వెళ్లినవాడికున్న మర్యాద ఊళ్లో ఉండిపోయినవాడికి ఉండదు కదా, పిట్టలకీ అదే లెక్క.

బుధవారం పార్కింగ్ టైల్స్ కోసం ఆ మందారం కొట్టేశారు. దాని కొమ్మకే గూడు వేలాడుతోంది. ఎండుటాకులూ పీచూ సాలెగూడుతో అతికి, చూసినవాడు చెత్త అనుకునేలా కడుతుంది తేనెపిట్ట. కాకి మోసపోతే పిల్లలు బతుకుతాయి. మా ప్రెసిడెంటుగారు మోసపోతే చస్తాయి. చీపురుతో ఊడ్పించాడు. రెండు గుడ్లున్నాయయ్యా అందులో! అరవై గులాబీలు పెట్టిన చేతుల్లో ఒక్కటి అడ్డం రాలేదు. సిగ్గు లేదూ మనకి? నేను ఆఫీసులో ఉన్నాను, నాకూ లేదు.

ఇప్పుడు ఆ గోడ మీద ఆరడుగుల హమ్మింగ్‌బర్డ్ బొమ్మ వేయిస్తారట, కింద ఆకుపచ్చ రంగులో "ప్రకృతిని ప్రేమిద్దాం". ఇంటికి అయిదొందలు చందా. మా ఇంటికి మూడుసార్లు వచ్చి వెళ్లారు.