చేయి పట్టని చోటు

రోబో తయారీలో అసలు పొరపాటు దాన్ని తయారు చేయడమేనని నాకు ఈ మధ్య గట్టిగా నమ్మకం కుదిరింది. క్యాడ్‌లో, అంటే కంప్యూటర్ తెర మీద నమూనా గీసే సాఫ్ట్‌వేర్‌లో, ఉన్నంతకాలం దానికి వంక పెట్టలేం. గ్యారేజీలోకి వచ్చాకే జబ్బులన్నీ పట్టుకుంటాయి.

మేముండేది డాలస్ శివారులో. మా అమ్మాయి జట్టు ఫస్ట్ టెక్ చాలెంజ్ అనే బడిపిల్లల రోబో పోటీకి సిద్ధమవుతోంది. ఆట మొదలయ్యేటప్పుడు రోబో ఎటు కొలిచినా 18 అంగుళాలు దాటకూడదు. పిల్లలు నాలుగు మోటార్లతో, నాలుగు మెకానం చక్రాలతో చతురస్రంగా చట్రం గీశారు. తెర మీద ఉత్సవ విగ్రహంలా నిగనిగలాడింది. బరువెంత అని అడిగాను. ఏ భాగం ఏ లోహమో ఇంకా నిర్ణయించలేదు కాబట్టి బరువు లేదన్నారు. బ్యాటరీ సగం మోటారులోకి దూరి ఉంది, అయినా రెండింటికీ పేచీ లేదు. ఎంతమంది ఎక్కినా పుష్పక విమానంలో మరొకరికి చోటుండేదట. ఆ విద్య మళ్ళీ మన పిల్లలకే పట్టుబడింది.

మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో 30 ఏళ్ళు లారీల కింద పడుకుని పనిచేసిన మనిషి. వీడియో కాల్‌లో చట్రం చూపించాం. చాలాసేపు పలకలేదు.

"అమ్మా, ఆ లోపలి బోల్టుకు స్పానర్ ఎటునుంచి పెడతావు?"

"ఇందులో స్పానర్ అక్కర్లేదు తాతయ్యా. క్లిక్ చేస్తే కూర్చుంటుంది."

"మంచిది తల్లీ. మరి విప్పేటప్పుడు?"

పాత తరంతో ఇదే చిక్కు. వస్తువు కనబడగానే వాళ్ళకు చేయి గుర్తుకొస్తుంది. 1963లో ఎం.ఐ.టి.లో ఐవన్ సదర్లాండ్ కంప్యూటర్ తెర మీద బొమ్మలు గీసే స్కెచ్‌ప్యాడ్ ప్రోగ్రాం రూపొందించినప్పుడు తెర మీద గీయడానికి కాంతి కలం సరిపోయింది. స్పానర్ ఊసే రాలేదు.

ఇక చక్రాల సంగతి. మెకానం చక్రం 1970లలో స్వీడన్ ఇంజనీరు బెంగ్ట్ ఇలోన్ ఆలోచన. చుట్టూ 45 డిగ్రీల వాలులో చిన్న రోలర్లుంటాయి. వాటి పుణ్యాన రోబో పీతలా పక్కకూ నడుస్తుంది. పైనుంచి చూస్తే నాలుగు చక్రాల రోలర్లూ కలిసి ఇంటూ గుర్తులా కనబడాలి. మా వాళ్ళు ఎడమవి కుడికి, కుడివి ఎడమకు పెట్టారు. తెర మీద ఎవరూ పట్టుకోలేదు, అక్కడ చక్రాలను తిరగమని అడిగిన పాపాన ఎవరూ పోలేదు గనుక. గ్యారేజీలో బొమ్మ ప్రకారమే బిగించారు, బ్యాటరీని మాత్రం పైన టేపుతో కట్టారు. రోబో ముందుకు పోయింది, వెనక్కి వచ్చింది, పక్కకూ జరిగింది. ఉన్నచోట తిరగమంటే మాత్రం గిలగిలా కొట్టుకుందే కానీ తిరగలేదు. (ఇదే స్వభావం ఉన్న మనిషి ఇంట్లో మరొకరున్నారని మా ఆవిడ అభిప్రాయం. ఈ చర్చకు అది అనవసరం.)

చక్రాలు మార్చాలంటే లోపలి బోల్టులు విప్పాలి. బిగించేటప్పుడు పక్క పలక లేదు కాబట్టి చేయి పట్టింది. ఇప్పుడు పలక ఉంది, పలకను పట్టి ఉంచిన బోల్టులు ఆ లోపలి బోల్టుల వెనకే ఉన్నాయి.

అందుకే నా సూచన: పోటీలను తెర మీదే జరిపించాలి. చేతులున్నవారిని ప్రేక్షకులుగా అనుమతించవచ్చు.

ఆ సంస్కరణ వచ్చేదాకా ఆ సందులో పట్టే చేయి మా ఇంట్లో ఒక్కటే, రెండో తరగతి చదివే మా చిన్నవాడిది. మొత్తం 16 బోల్టులు. బోల్టుకు రెండు చాక్లెట్లు, అదీ ముందుగానే ఇవ్వాలంటున్నాడు.