పన్ను కావాలి, మనిషి వద్దా?

కరోనా వ్యాపిస్తున్న 2020 మార్చిలో అమెరికా ప్రభుత్వం పొలాల్లో, మాంసం ప్యాకింగ్ ప్లాంట్లలో పనిచేసేవారిని ‘అత్యవసర కార్మికులు’ అంది. ఊరంతా తలుపులు వేసుకున్నా వారు పనికి రావాల్సిందే. అదే నెల 27న వచ్చిన కరోనా సాయం చట్టం ‘కేర్స్’ పెద్దలకు తలా 1,200 డాలర్ల వరకు ప్రకటించి, సోషల్ సెక్యూరిటీ నంబరు (పౌరులకు, పని అనుమతి ఉన్నవారికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) లేనివారిని పక్కన పెట్టింది. పంట పొలాల్లో కూలికి వెళ్లేవారిలో దాదాపు సగం మందికి దేశంలో ఉండి పనిచేయడానికి కావలసిన వలస పత్రాలు లేవని ఆ దేశ కార్మిక శాఖ సర్వేలే ఏళ్లుగా చెబుతున్నాయి. ఉమ్మడిగా రిటర్న్ వేసిన దంపతుల్లో ఒకరికి ఆ నంబరు లేకపోతే, రెండోవారు అమెరికా పౌరులైనా చాలా ఇళ్లకు ఆ చెక్కు రాలేదు. డిసెంబరులో గానీ దీన్ని సరిదిద్దలేదు.

పన్ను వసూలుకు మాత్రం పత్రాలు అడ్డురాలేదు. దానికి 1996 నుంచి ఐటిన్ అనే వేరే నంబరు ఉంది! పత్రాలు లేనివారు రాష్ట్ర, స్థానిక పన్నుల రూపంలో ఏటా 1,170 కోట్ల డాలర్లు కడుతున్నారని ఇన్‌స్టిట్యూట్ ఆన్ టాక్సేషన్ అండ్ ఎకనమిక్ పాలసీ అనే పరిశోధన సంస్థ 2017లో అంచనా వేసింది. చట్టం తప్పి వచ్చినవారికి ప్రజాధనమా అని నిలదీసేవారు ఈ లెక్క కూడా చూడాలి. పైగా, అద్దెకు డబ్బులేని కూలీ జ్వరంతోనే పనికి వెళితే వైరస్ ఎవరి పత్రాలూ చూడదు.

ఆ సమయంలో ఆదుకున్నది చర్చిలు, కార్మిక కేంద్రాలు, పేటల్లోని సంఘాలు. కాలిఫోర్నియాలోని సోనోమా కౌంటీలో పత్రాలు లేని 2017 కార్చిచ్చు బాధితుల కోసమే ‘అన్‌డాక్యూఫండ్’ అనే సహాయ నిధి పుట్టింది. ఇలాంటి సంఘాల అసలు బలం నమ్మకం. సర్కారు సాయం తీసుకుంటే గ్రీన్‌కార్డుకు చిక్కే అన్న భయాన్ని 2020 ఫిబ్రవరిలో అమలైన ‘పబ్లిక్ చార్జ్’ నిబంధన ఇంకా పెంచింది. ఆఫీసు ఫారం నింపడానికి జంకే మనిషి, తన భాషలో మాట్లాడే సంఘం కార్యకర్తకు ఇంటి గుట్టు చెబుతాడు.

కాలిఫోర్నియా దీన్ని గ్రహించింది. ఖజానా నుంచి 7.5 కోట్ల డాలర్లు, దాతల నుంచి 5 కోట్లు లక్ష్యంగా పెట్టుకుని, ప్రభుత్వ వాటాను స్వచ్ఛంద సంస్థల ద్వారా పంచింది. తలా 500 డాలర్లు, లక్షన్నర మందికి. అక్కడ పత్రాలు లేనివారే 20 లక్షల పైచిలుకు! మే 18న దరఖాస్తులు మొదలవగానే ఫోన్ లైన్లు స్తంభించాయి. పంచే పద్ధతి సరైనదే, పంచిన సొమ్మే చాలలేదు. అంత పెద్ద లోటును చందాలతో పూడ్చమనడం దాతలను గౌరవించడం కాదు, ప్రభుత్వం చేతులు దులుపుకోవడం.

న్యూయార్క్‌లో ప్రభుత్వ సాయం అందని ఇలాంటి కార్మికులు 23 రోజులు నిరాహార దీక్ష చేశాక, 2021 ఏప్రిల్‌లో వారి కోసం 210 కోట్ల డాలర్ల నిధి వచ్చింది. అర్హులకు గరిష్ఠంగా 15,600 డాలర్లు. ఆగస్టులో దరఖాస్తులు తెరిస్తే అక్టోబరుకల్లా సొమ్ము అయిపోయింది. పస్తులుండి సాధించుకున్న సాయం కూడా కొందరికి అందకుండానే ముగిసింది.

కొలరాడో 2022లో, ఉద్యోగం పోయిన ఇలాంటి కార్మికుల కోసం శాశ్వత నిధికి చట్టం చేసింది. మిగతా రాష్ట్రాలూ మరో మహమ్మారి వచ్చేదాకా ఆగకుండా ఆ పని చేయాలి. డబ్బు ఖజానా ఇవ్వాలి, పంపిణీ సంఘాలకు అప్పగించాలి, దరఖాస్తుదారుల వివరాలు వలస అధికారుల చేతికి చిక్కకుండా ఆ చట్టంలోనే రాయాలి.