పురిట్లోనే సంధి

కంపెనీల బాధ్యతపై ఐరోపా సమాఖ్య చేసిన చట్టం కింద ఒక్క కంపెనీని లెక్కలు అడగలేదు. ఒక్క యూరో జరిమానా పడలేదు. ఒక్క బాధితుడూ దాన్ని చేతబట్టుకుని కోర్టు మెట్లెక్కలేదు. అమలే మొదలుకాని చట్టం మోయలేని బరువైపోయిందంటూ ఐరోపా పార్లమెంటు 2025 డిసెంబరు 16న దాని నడ్డి విరిచింది. తమ సరుకు ఎక్కడ, ఎవరి చేతుల మీదుగా తయారవుతోందో చూసుకోవాలని, ఆ దారిలో మనుషుల హక్కులకు గానీ నేలకూ నీటికీ గానీ కీడు జరిగితే సరిదిద్దాలని పెద్ద కంపెనీలను కట్టడి చేసే చట్టమది. 2024లో పుట్టింది. అప్పటికి రెండేళ్లయినా నిండలేదు.

కోతలు చూడండి. వెయ్యి మందికి మించి ఉద్యోగులు, 45 కోట్ల యూరోలకు మించి టర్నోవరు ఉన్న కంపెనీలకు వర్తించాల్సిన చట్టం ఇక 5,000 మంది, 150 కోట్ల యూరోలు దాటితేనే వర్తిస్తుంది. వాతావరణ మార్పుపై ప్రణాళిక వేసుకోవాలన్న షరతు మొత్తానికే ఎగిరిపోయింది. జరిమానా టర్నోవరులో 3 శాతం దాటదు. అమలు 2029 జులైకి వాయిదా పడింది. అన్నింటికన్నా పెద్ద దెబ్బ వేరే ఉంది. నష్టపోయినవారు పరిహారం అడగడానికి ఐరోపా అంతటికీ కలిపి పెట్టిన ఒకే నిబంధనను తీసేసి, ఆ సంగతిని ఆయా దేశాల ఇష్టానికి వదిలేశారు.

అమెరికా, చైనాలతో పోటీలో ఐరోపా పరిశ్రమ వెనకబడుతోందని, కాగితాల పని చిన్న సంస్థలను నలిపేస్తోందని సమర్థకులు అంటున్నారు. చిన్న సంస్థలు అసలు ఈ చట్టం పరిధిలోనే లేవు. పెద్ద కంపెనీలు తమ ఫారాలను వాటి నెత్తిన రుద్దుతుంటే ఆ రుద్దుడును ఆపాలి. నాలుగేళ్లు అమలు చేసి, ఎక్కడ ఇబ్బందో తేలాక సవరిస్తే ఎవరూ తప్పుపట్టరు. అమలుకు ముందే కత్తిరిస్తే మాత్రం ఏ చట్టానికి దిక్కుంటుంది? ఈ చట్టాన్ని కదపొద్దని నెస్లే, మార్స్, ఫెరెరో లాంటి సంస్థలే 2025 జనవరిలో కోరాయి. చివరికి డబ్బు ఖర్చుపెట్టి ముందే సిద్ధపడినవాడు వెర్రివాడయ్యాడు, కదలకుండా కూర్చున్నవాడు గెలిచాడు. ఈ చట్టం ఇలాగే ఉంటే సహజవాయువు సరఫరా ఆపేస్తామని ఖతార్ ఇంధన మంత్రి బాహాటంగా హెచ్చరించారు. అమెరికా కూడా గొంతు కలిపింది. బెదిరిస్తే వంగుతారని ఇప్పుడు లోకానికంతటికీ తెలిసిపోయింది.

ఈ చట్టం ఎవరి చావుల మీద పుట్టిందో ఆ సభకు తెలియదా? 2024 ఏప్రిల్ 24న, రానా ప్లాజా కూలిన సరిగ్గా 11 ఏళ్లకు, దీనికి ఓటేసింది ఈ పార్లమెంటే. ఢాకా శివారులోని ఆ ఎనిమిదంతస్తుల భవనానికి ముందురోజే పగుళ్లు కనిపించాయి. కింద ఉన్న బ్యాంకును మూసేశారు. పైన బట్టలు కుట్టేవాళ్లను మాత్రం మర్నాడు మళ్లీ పనిలోకి తోలారు. 1,100 మందికి పైగా శిథిలాల్లో పోయారు. అంతకు ఏడు నెలల ముందు కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ కర్మాగారం తగలబడి 250 మందికి పైగా మరణించారు. అక్కడ పని పరిస్థితులు సక్రమంగా ఉన్నాయని కొద్ది వారాల ముందే అంతర్జాతీయ ధ్రువపత్రం ఇచ్చారు! ఆ కర్మాగారం నుంచి ప్రధానంగా సరుకు కొన్నది జర్మనీకి చెందిన కిక్ సంస్థ. బాధితులు డోర్ట్‌ముండ్ కోర్టుకు వెళితే పాకిస్తాన్ చట్టం ప్రకారం గడువు దాటిపోయిందని 2019లో కేసు కొట్టేశారు. సరుకు చేరింది జర్మనీకి, గడువు లెక్క మాత్రం పాకిస్తాన్‌ది. ఇప్పుడు తీసేసిన నిబంధన పూడ్చాల్సింది సరిగ్గా ఈ గోతినే. బ్రెజిల్‌లో బ్రుమాదిన్యూ గని వ్యర్థాల ఆనకట్ట 2019 జనవరిలో తెగి 270 మందిని మింగింది. అది భద్రమేనన్న కాగితం అప్పటికే చేతికొచ్చింది.

కాగితం కాపాడదు. కట్టుబాటు ఉంటేనే కదలిక వస్తుంది. రానా ప్లాజా తర్వాత కార్మిక సంఘాలతో 200కు పైగా బ్రాండ్లు బంగ్లాదేశ్‌లో చేసుకున్న ఒప్పందమే అందుకు సాక్ష్యం. మాట తప్పితే మధ్యవర్తిత్వానికి లాగే అధికారం అందులో సంఘాలకు ఉంది. కాబట్టే కర్మాగారాల్లో తాళాలు పడిన తలుపులు తెరుచుకున్నాయి, బలహీనమైన స్తంభాలకు మరమ్మతులు జరిగాయి.

కాలు జారడం ఐరోపా పార్లమెంటుతోనే ఆగలేదు. 2023 నుంచి అమల్లో ఉన్న ఇలాంటి తన సొంత చట్టంలో కంపెనీలు నివేదికలు ఇవ్వాలన్న నిబంధననే ఎత్తేయాలని జర్మనీ మంత్రివర్గం 2025లో నిర్ణయించింది. ఒకరు గేటు తెరిస్తే మిగతావారు తోసుకొస్తారని మా భయం. రేపు రసాయనాల చట్టమైనా, అడవుల చట్టమైనా, పిల్లలతో పని చేయించకూడదన్న చట్టమైనా అమలుకు ముందే భారమైపోతుంది.

సభ్య దేశాలు తమ చట్టాలు రాసుకోవడానికి గడువు ఇంకా ఉంది. ఫ్రాన్స్ 2017లోనే చట్టం చేసి, కంపెనీల అజాగ్రత్తకు తన కోర్టుల్లో పరిహారం కోరే దారి తెరిచింది. మిగతా దేశాలు ఆ దారి పట్టొచ్చు. ఎవరూ అడ్డుపడరు. కానీ డిసెంబరు 16న ఈ కోతలకు ఓటేసిన సభ్యులకు ఇక ఏ ఏప్రిల్ 24నా రానా ప్లాజా పేరెత్తే అర్హత లేదు.