ఓ-రింగు గారికి ఓ విన్నపం

మహారాజశ్రీ ఓ-రింగు గారి దివ్యసముఖానికి,

తమరి పేరులోనే 'ఓ' ఉంది కాబట్టి సంబోధన వెతుక్కునే పని తప్పింది. అందుకు కృతజ్ఞతలు. కంప్యూటరును నీళ్లతో చల్లబరిచే గొట్టాల వలయం (లూపు అంటారు) బిగిద్దామని కూర్చుంటే, అందులో నీళ్లు కారకుండా ఆపాల్సిన రబ్బరు రింగైన తమరే నా ఆదివారమంతా మింగేశారు కనుక అంతకు మించి కృతజ్ఞత మిగల్లేదు.

మిగతా బంధువర్గంతో నాకు పేచీ లేదు. రేడియేటరులో టంకం వేసినప్పటి ఫ్లక్సు మడ్డి పోయేదాకా నాలుగుసార్లు కడిగాను. చిప్పు మీద కూర్చుని వేడి లాగే రాగి బ్లాకుతో కలిపితే అల్యూమినియం తుప్పు పట్టి పోతుందన్నారని అంతా రాగే కొన్నాను. పంపు పొడిగా తిరగకూడదంటే రిజర్వాయరు, అదే నీళ్ల తొట్టి, దానికి పైనే పెట్టాను. నాలుగు స్క్రూలతో పనైపోయే ప్రాసెసరు మీది పాత ఫ్యాన్ కూలర్ అట్టపెట్టెలోకి వెళ్తూ నన్ను జాలిగా చూసింది. పట్టించుకోలేదు.

లీకు పరీక్ష కూడా శాస్త్రోక్తంగానే చేశాను. మదర్‌బోర్డుకు కరెంటు లేకుండా, పవర్ సప్లై 24 పిన్నుల కనెక్టరులో దాన్ని ఆన్ చేసే పదహారో పిన్ను లెక్కపెట్టి, పక్కనున్న గ్రౌండుకు పేపర్ క్లిప్పుతో కలిపి, పంపు ఒక్కదాన్నే తిప్పాను. గొట్టం బిగించే ప్రతి ఫిట్టింగు కిందా టిష్యూ. ఇరవై గంటలు పొడిపొడిగా ఉంది. ఇక సైడ్ ప్యానెల్ చేతిలోకి తీసుకున్నానో లేదో, గ్రాఫిక్స్ కార్డు కింద టిష్యూ మీద కందిగింజంత తడి.

నా చెయ్యి తడేమో అనుకున్నాను. టిష్యూ మార్చాను. మళ్లీ కందిగింజ.

మొత్తం లూపు ఖాళీ చేయాల్సి వచ్చింది. డ్రెయిన్ వాల్వు పెట్టలేదు (అదో తెలివి), కేసును పసిపిల్లలా ఒళ్లో వేసుకుని అటూ ఇటూ వంచాను. ఫిట్టింగు విప్పితే తమరి దర్శనం: సగం గాడిలో, సగం బయట, నాలుక చాపి వెక్కిరిస్తూ.

ఏమయ్యా, నీకు చెప్పింది ఒక్క పని. ఫిట్టింగు మీది జీ1/4 సైజు మరలు పట్టుకోవడానికే తప్ప నీళ్లు ఆపడానికి కావు, ఆపాల్సింది నువ్వే. పంపు తిరగాలి, రేడియేటరు వేడి వదలాలి, ఫ్యాన్లు ఊదాలి. నువ్వు కదలకుండా కూర్చోవాలి, అంతే! అదీ చేతకాలేదా? డిస్టిల్డ్ వాటర్ కరెంటును పెద్దగా మోయదులే అని ధైర్యం చెప్పేవాళ్లున్నారు. లూపులో నాలుగు రోజులు తిరిగి లోహాల రుచి చూశాక అదింకా డిస్టిల్డేనా? వాళ్ల గ్రాఫిక్స్ కార్డు మీద కారితే అడుగుతాను.

సరే, చేత్తో బిగిస్తే చాలన్న చోట స్పానరు పట్టింది నేనే. ఆ మాట ఈ ఉత్తరం దాటి పోనివ్వకండి.

తమరి తమ్ముణ్ణి గాడిలో సరిగ్గా కూర్చోబెట్టాను. ఒక బుడగ ఇంకా ఎక్కడో గుడగుడమంటోంది. దాని సంగతి రేపు.

ఇట్లు,
అరగంటకోసారి టార్చి వేసి టిష్యూ తడుముతున్న
తమ విధేయుడు